బాపుతో కోల్డ్‌ప్లే చూడ్డానికి వెళ్ళినప్పుడు

మా బాపు, అంటే మా నాన్న, చాలా ఏళ్ళు హన్మకొండ చౌరస్తా దగ్గర రికార్డింగ్ సెంటర్ నడిపాడు. ఇప్పటి పిల్లలకి ఆ మాట చెప్తే ఏదో స్టూడియో అనుకుంటారు. ఒక చిన్న షటరు, గోడ నిండా క్యాసెట్లు, ఒక క్యాసెట్‌లోంచి ఇంకోదాంట్లోకి పాటలు ఎక్కించే డబుల్ డెక్కులు రెండు, ఒక గాజు కౌంటరు, అంతే. జనం తమకి కావాల్సిన పాటల లిస్టు ఒక కాగితం మీద రాసుకొచ్చి ఇచ్చేవాళ్ళు. బాపు వాటిని ఖాళీ క్యాసెట్‌లోకి వరసగా ఎక్కించి, లోపలి అట్ట మీద గుండ్రటి అక్షరాలతో పాటల పేర్లు రాసి, మళ్ళీ ఎవరూ దాని మీద వేరే పాటలు ఎక్కించకుండా పైనున్న చిన్న ప్లాస్టిక్ ముక్కలు రెండూ విరిచేసి ఇచ్చేవాడు.

ఇందులో ఏముంది, ఎవరైనా చేస్తారు అనిపిస్తుంది కానీ చేస్తుంటే చూసినదాన్ని నేను. అరవై నిమిషాల క్యాసెట్ అంటే ఒక పక్క ముప్పయ్యే, తొంభై నిమిషాలది అంటే నలభై ఐదు. లిస్టులో ఉన్న పాటల నిడివి అంతా ముందే కూడుకుని, ఏ పాట ఎక్కడ పెడితే చివర్లో మధ్యలో తెగిపోకుండా ఉంటుందో లెక్క వేసుకునేవాడు. పాటకీ పాటకీ మధ్య మూడు సెకన్లు ఖాళీ వదలాలి, ఎక్కువా కాదు తక్కువా కాదు. రోజూ పొద్దున షటరు లేపగానే దూదికి స్పిరిట్ అద్ది డెక్కు హెడ్డు తుడిచేవాడు, ఆ తర్వాతే దేవుడికి అగరుబత్తి. బడి అయిపోయాక నేను నేరుగా షాపుకే వచ్చి కౌంటరు వెనక స్టూలు మీద కూర్చుని హోంవర్కు రాసుకునేదాన్ని. ఇళయరాజా, రఫీ గజళ్ళు, ఒగ్గు కథలు, మేడారం జాతర జరిగే ఏడాది సమ్మక్క సారలమ్మ పాటలు, ఇవన్నీ వింటూనే నేను ఎక్కాలు నేర్చుకున్నాను.

ఇంగ్లిష్ పాటలు మాత్రం ఆర్‌ఈసీ పిల్లల వల్ల వచ్చాయి. కాజీపేట దారిలో ఉండే రీజినల్ ఇంజనీరింగ్ కాలేజీ, 2002లో అది ఎన్‌ఐటీ అయింది కానీ మా ఊళ్ళో పెద్దవాళ్ళకి ఇప్పటికీ ఆర్‌ఈసీనే. దేశం నలుమూలల నుంచి వచ్చి చదివే పిల్లలు కదా, కలకత్తా వాళ్ళు, కేరళ వాళ్ళు, అస్సాం వాళ్ళు, వాళ్ళ చేతుల్లో మా ఊళ్ళో ఎవరూ వినని క్యాసెట్లు ఉండేవి. వాళ్ళ స్ప్రింగ్ స్ప్రీ పండగ దగ్గర పడుతుందంటే షాపు ముందు సైకిళ్ళు, బైకులు బారులు. ఒక క్యాసెట్ తెచ్చి పది కాపీలు కావాలనేవాళ్ళు. బాపు కాపీ చేస్తూ హెడ్‌ఫోన్ పెట్టుకుని మొత్తం వినేవాడు, ఎక్కడైనా టేపు సాగిందో గరగర వచ్చిందో చూడ్డానికి. అలా చూస్తూ చూస్తూ కొన్ని ఇష్టపడ్డాడు.

ఇంగ్లండు బ్యాండు కోల్డ్‌ప్లే మొదటి ఆల్బం అలాగే వచ్చింది. 2000 జులైలో ఇంగ్లండులో విడుదలైంది, మా షాపుకి ఆ తర్వాతి ఏడాదికి చేరి ఉంటుంది. అట్ట మీద చీకట్లో వెలుగుతున్న పసుపుపచ్చ గ్లోబు బొమ్మ. మొత్తం ఆల్బం నలభై రెండు నిమిషాల లోపే. అంటే తొంభై నిమిషాల క్యాసెట్‌లో ఒక పక్క సరిగ్గా పట్టేస్తుంది, ఇంకా మూడు నిమిషాలు మిగులుతుంది కూడా. బాపు తన కోసం ఒక కాపీ చేసుకున్నాడు. షాపు పెట్టినప్పటి నుంచి తన కోసం చేసుకున్న క్యాసెట్లు చాలా తక్కువ, అవన్నీ ఒక బిస్కెట్ డబ్బాలో విడిగా ఉండేవి.

రెండో ఆల్బం 2002లో వచ్చింది. అదే క్యాసెట్ రెండో పక్క ఖాళీగా ఉంది కదా, అందులో ఎక్కించాలి. కానీ ఇది యాభై నాలుగు నిమిషాలు. తొమ్మిది నిమిషాలు ఎక్కువ. ఏ పాటలు తీసెయ్యాలో తేల్చుకోవడానికి బాపుకి వారం పట్టిందని అమ్మ ఇప్పటికీ చెప్తుంది. రాత్రి అన్నం తింటూ కూడా కంచం మీద వేళ్ళతో తాళం వేస్తూ ఆలోచించేవాడట. రెండు పాటలు తీసేశాడు. మిగతావి మా ఇంట్లో, షాపులో, రోజూ రాత్రి షటరు దించే ముందు లెక్కలు చూసుకునేటప్పుడు మోగేవి. నాకు ఇంగ్లిష్ అక్షరాలు వచ్చేలోపే ఆ పాటల వరస వచ్చేసింది. బాపుకి ఆ మాటల్లో సగం అర్థం కావు. ఆ గొంతు, ఆ పియానో, డ్రమ్ములు వచ్చి కలిసే చోటు, అవి ఆయనకి తెలుసు.

తర్వాత ఎమ్‌పీత్రీ సీడీలు వచ్చాయి, మెమరీ కార్డులు వచ్చాయి, ఫోన్లోనే అన్నీ వచ్చాయి. అందరికీ తెలిసిన కథే. ఇప్పుడు అదే షటర్లో జిరాక్స్ మిషను ఉంది.

2024 సెప్టెంబరులో కోల్డ్‌ప్లే ముంబైకి వస్తోందని తెలిసి హైదరాబాదులో మా ఆఫీసంతా ఊగిపోయింది. టికెట్లు అమ్మే రోజు అందరి ఫోన్లలోనూ అదే పేజీ, మన ముందు లక్షల మంది క్యూలో ఉన్నారని చూపిస్తుంటే ఒకటే టెన్షన్. నాకు దొరకలేదు. ఆ రాత్రి ఇంటికి ఫోన్ చేసి మాటల్లో మాటగా చెప్తే, బాపు "గా పచ్చ గ్లోబు బొమ్మోళ్ళేనా?" అన్నాడు. అవునన్నాను. కాసేపు ఆగి, "ఎంత దూరమైనా పోదుము బిడ్డా, దొరికితే సూడు" అన్నాడు. మా బాపు అడిగి ఏదైనా కావాలనడం నేను ఎరగను. పెళ్ళిళ్ళకి బట్టలు కూడా అమ్మ కొనిపెడితేనే. ఆ ఒక్క మాట నన్ను కుదురుగా ఉండనివ్వలేదు.

నవంబరులో అహ్మదాబాదులో కూడా చేస్తామన్నారు. నరేంద్ర మోదీ స్టేడియంలో, లక్షా ముప్పై రెండు వేల మంది పట్టే చోట. జనవరి 25కి మొదట పెట్టి, తాకిడి చూసి 26కి రెండో షో కలిపారు. ఆ రెండో రోజుకి పై స్టాండులో రెండు సీట్లు దొరికాయి, టికెట్టు 2,500. డబ్బులు కట్టేసి ఫోన్ చేస్తే అమ్మ ఎత్తింది. నేను చెప్పేలోపే వెనక నుంచి బాపు, "దొరికినయా?" అని అరిచాడు.

విమానంలో పోదామన్నాను. వద్దన్నాడు. నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌లో పోదామన్నాడు. అది చెన్నై నుంచి అహ్మదాబాదు పోయే బండి, వరంగల్‌లో రాత్రి ఎక్కితే మర్నాడు సాయంత్రానికి దింపుతుంది. వరంగల్ పద్మశాలీల ఇళ్ళల్లో ఆ బండి పేరు తెలియనివాళ్ళు ఉండరు. మా తాత ఆజంజాహీ మిల్లులో పనిచేశాడు. నిజాం కాలంలో, 1934లో పెట్టిన బట్టల మిల్లు. ఆ మిల్లు దెబ్బతిని, చేతి మగ్గాలకి కూడా గిరాకీ పోయాక మా వాళ్ళల్లో కొందరు భివండీ పోయారు, కొందరు షోలాపూరు, కొందరు సూరత్. సూరత్ పోయినవాళ్ళందరినీ మోసుకుపోయింది ఈ నవజీవనే. చిన్నప్పుడు బాపు ఎండాకాలం సెలవులకి తన చిన్నాయిన వాళ్ళింటికి ఇదే బండిలో పోయేవాడట. మళ్ళీ ఇన్నేళ్ళకి ఎక్కుదామని ఆయన ఆశ.

అమ్మ రాలేదు. అంత జనంలో తను ఉండలేనంది. ఇరవయ్యారో తారీఖు షో హాట్‌స్టార్‌లో లైవ్ వస్తుందని తెలిసి, నేను ఇంట్లో టీవీలో మీకంటే మంచిగా చూస్తానంది. సంక్రాంతికి చేసిన సకినాలు ఒక డబ్బా, మాకు పులిహోర, బాపు మోకాలికి రాసుకునే మందు, ఇవన్నీ సర్ది వరంగల్ స్టేషన్ దాకా వచ్చి ఎక్కించింది.

రైల్లో ఆ రాత్రి బాపు చాలాసేపు నిద్రపోలేదు. మంచిర్యాల దాటింది, బల్లార్షా కూడా దాటింది, కింది బెర్తు మీద కూర్చుని కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు. తెల్లారి భుసావల్‌లో టీ తాగాం. నందుర్బార్ దాటాక నా ఫోన్లో వాళ్ళ తర్వాతి ఆల్బంలు వినిపించాను. బాపు దగ్గర ఆగిపోయింది రెండో ఆల్బం దగ్గరే కదా, తర్వాతివి అక్కడక్కడా విన్నాడు గానీ మొదటి నుంచి చివరి దాకా ఒక ఆల్బంలా వినలేదు. చెరో ఇయర్‌ఫోన్ పెట్టుకున్నాం. ఒక్కో పాట అయ్యాక ఆపమని, అందులో ఏముందో చెప్పేవాడు. ఈ పాటలో బేసు గిటారు ముందుకొచ్చింది, ఈ పాటలో గొంతు మీద రెండోసారి అదే గొంతు కలిపారు, ఇందులో వయొలిన్లు డ్రమ్ముల పని చేస్తున్నాయి. నేను అవే పాటలు కాలేజీ రోజుల నుంచి వింటున్నాను, నాకు అవేవీ వినపడలేదు. బాపు చెప్పాక ఇప్పుడు వినపడకుండా ఉండవు.

మధ్యాహ్నం సూరత్‌లో బాపుకి తమ్ముడి వరసయ్యే చిన్నబాపు ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉన్నాడు, లింబాయత్ నుంచి బండి టైముకి వచ్చి. చేతిలో రేకు కాగితంలో చుట్టిన వేడి వేడి సర్వపిండి, ఇంకో సంచిలో నారింజపళ్ళు. సూరత్‌లో పుట్టి పెరిగినా, పిల్లలకి గుజరాతీ మీడియమే అయినా, మా వాళ్ళ మాట మాత్రం వరంగల్ మాటే.

"గింత దూరం పాటలు ఇననీకి వచ్చిండ్రా అన్నా?"

"అవ్ రా. ఇన్నేండ్ల సంది క్యాసెట్ల ఇన్న. ఒక్కపారి ఎదురుంగ ఇనాలె గద."

బండి ఆగేది కొద్ది నిమిషాలే. తిరిగొచ్చేటప్పుడు ఇంటికి రాకపోతే మాట్లాడనని చిన్నబాపు ఒట్టు వేయించుకుని కిటికీ పక్కనే కొంత దూరం నడిచాడు.

అహ్మదాబాదులో కాలుపూర్ స్టేషన్ దగ్గరే చిన్న లాడ్జిలో దిగాం. ఊరంతా మాలాంటి వాళ్ళే. టీ కొట్టు దగ్గర ఇండోర్ పిల్లలు, లిఫ్టులో కొచ్చి నుంచి వచ్చిన దంపతులు. పొద్దున రిపబ్లిక్ డే కదా, వీధి చివర బడిలో జెండా ఎగరేస్తుంటే బాపు ఆగి నిలబడ్డాడు. తర్వాత ఫాఫ్డా, జలేబీ తిన్నాం. ఆ తీపీ ఆ కారం కలిపి పొద్దున్నే తినడం బాపుకి భలే నచ్చింది. మధ్యాహ్నం మెట్రో ఎక్కి, ఓల్డ్ హైకోర్టు దగ్గర మారి, మోటేరా స్టేడియంలో దిగాం. ఆ రెండు రోజులూ రాత్రి పొద్దుపోయేదాకా మెట్రో నడిపారు, దానివల్ల చాలామందికి మేలైంది.

మెరుపులు అద్దుకున్న అమ్మాయిలు, రంగురంగుల చొక్కాల అబ్బాయిలు, వాళ్ళ మధ్యలో తెల్ల చొక్కా, జేబులో పెన్నుతో మా బాపు. గేటు దగ్గర చేతికి కట్టుకునే బ్యాండు ఇచ్చారు, లోపల చిన్న బల్బులు ఉంటాయి. స్టేజీ దగ్గర నుంచి సిగ్నల్ ఇస్తే అందరి చేతుల్లోవీ ఒకేసారి వెలుగుతాయి, రంగులు మారతాయి. షో అయ్యాక తిరిగి ఇచ్చెయ్యాలి, వాళ్ళు వాటిని మళ్ళీ వాడతారు. బాపు దాన్ని కట్టుకోకుండా ఇటూ అటూ తిప్పి, బ్యాటరీ ఎక్కడుందో, సిగ్నల్ అందుకునే కన్ను ఎక్కడుందో చూసి తృప్తిపడ్డాకే చెయ్యి చాపాడు.

మెట్లు చాలా ఎక్కాల్సి వచ్చింది. మధ్యమధ్యలో ఆగాం. ఎవరో కుర్రాళ్ళు "అంకుల్, ఆయియే" అని పక్కకి జరిగి దారి ఇచ్చారు, ఒకమ్మాయి తన నీళ్ళ సీసా ఇచ్చింది. పైకొచ్చి సీట్లలో కూర్చున్నాక ఆ గిన్నెలాంటి స్టేడియం మొత్తం ఒక్కసారి కళ్ళముందు పరుచుకుంది. నేను జనాన్ని చూస్తున్నాను. బాపు మాత్రం స్పీకర్లు చూస్తున్నాడు. స్టేజీకి రెండు పక్కలా వేలాడేసినవి కాకుండా, మైదానం మధ్యలో స్తంభాలకి ఇంకొన్ని స్పీకర్లు ఉన్నాయి. అవెందుకో చెప్పాడు. ధ్వని సెకనుకి దాదాపు 340 మీటర్లే పోతుంది. స్టేజీ నుంచి వందమీటర్లు వచ్చేసరికి సెకనులో దాదాపు మూడో వంతు ఆలస్యం అవుతుంది. దూరంగా ఉన్నవాళ్ళకి మధ్యలో స్పీకర్లు పెట్టాలి, కానీ వాటిలో పాటని అంతే ఆలస్యంగా వదలాలి, లేకపోతే ఒకే పాట రెండుసార్లు వినిపించి అంతా గందరగోళం అవుతుంది. ముందు వరసలో కూర్చున్న అబ్బాయి వెనక్కి తిరిగి ఇదంతా వింటున్నాడు. తెలుగు వాడు కాదు. బాపు మళ్ళీ మొదటి నుంచి వరంగల్ హిందీలో చెప్పాడు.

చీకటి పడ్డాక వాళ్ళు వచ్చారు. నలుగురే. గొంతూ పియానో క్రిస్ మార్టిన్‌వి, గిటారు జానీ బక్లాండ్‌ది, బేసు గై బెర్రీమన్‌ది, డ్రమ్ములు విల్ చాంపియన్‌వి. 1990ల చివర్లో లండన్‌లో ఒకే యూనివర్సిటీలో చదువుకుంటూ కలిసిన నలుగురు, ఇప్పటికీ ఆ నలుగురే. బాపుకి ఇది చాలా పెద్ద విషయం. మొదటి పాటకి బేసు మరీ ఎక్కువైందన్నాడు, మూడో పాటకి "సెట్ చేసిండ్రు" అన్నాడు. లక్ష చేతులు ఒక్కసారి ఎర్రగా, ఒక్కసారి నీలంగా మారుతుంటే నేను అరుస్తున్నాను, గెంతుతున్నాను. బాపు లేచి నిలబడ్డాడు గానీ కదల్లేదు. తల కొంచెం వంచి, కుడిచెవి స్టేజీ వైపు పెట్టి, షాపులో టేపు పరీక్షించేటప్పుడు ఎలా నిలబడేవాడో అలాగే నిలబడ్డాడు.

"యెల్లో" మొదలైంది. మొదటి ఆల్బంలో ఐదో పాట అది. స్టేడియం నాలుగు పక్కలా అందరి చేతులూ పసుపుపచ్చగా వెలిగాయి. మా చేతులు కూడా. బాపు తన చెయ్యి ఎత్తి పట్టుకుని మణికట్టు దగ్గర ఆ వెలుగుని చూసుకున్నాడు, తర్వాత నా చెయ్యి చూశాడు, తర్వాత జనాన్ని. పెదాలు కదులుతున్నాయి. మాటలు కావు, గిటారు తీగ పలికే ఆ నాలుగు స్వరాలు నోటితో అంటున్నాడు. కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవట్లేదు. నేను గెంతడం ఆపేసి ఆయన భుజం పట్టుకుని నిలబడ్డాను. పాట అయిపోగానే చప్పట్ల మధ్య నా చెవి దగ్గరికి వచ్చి, "క్యాసెట్ల దీని ఎనక ఇంకో పాట ఉంటది గద, నాకు గదే షురువైతదనిపిచ్చింది" అన్నాడు. నాకూ అదే అనిపించింది. నా చెవిలో కూడా ఆ తర్వాతి పాట పియానో మోగడం మొదలైపోయింది, నిజంగా. ఆ లక్ష మందిలో అలా అనిపించింది మా ఇద్దరికేనేమో.

ఇంకో సంగతి. ఒక పాట మధ్యలో క్రిస్ మార్టిన్ ఆపేసి, ఈ ఒక్క పాటకి ఫోన్లు లోపల పెట్టెయ్యండి, ఊరికే చూడండి అన్నాడు. ప్రతి ఊళ్ళోనూ అంటాడట. అందరూ పెట్టేశారు. మళ్ళీ మొదలుపెట్టినప్పుడు ఎంత బాగుందో చెప్పలేను. బాపు ఆ రోజు సాయంత్రం నుంచీ ఒక్క ఫొటో కూడా తియ్యలేదు, అడిగితే "ఇనెటోళ్ళం గద మనం" అన్నాడు.

రిపబ్లిక్ డే కాబట్టి క్రిస్ మార్టిన్ వందేమాతరం పాడాడు. స్టేడియం మొత్తం గొంతు కలిపింది. పెద్ద తెర మీద బుమ్రాని చూపించి అతని మీద కూడా సరదాగా రెండు లైన్లు కట్టి పాడాడు, అహ్మదాబాదు బుమ్రా సొంతూరు కదా, ఆ అరుపులకి మెట్లు అదిరాయి. అమ్మ అప్పుడే మెసేజ్ పెట్టింది, "మీరు ఏ పక్క ఉన్నరు, కనిపిస్తలేరు" అని. లక్షమందిలో మమ్మల్ని వెతుకుతూ అమ్మ మొత్తం షో చూసింది.

తిరుగు మెట్రోలో ఊపిరాడనంత జనం. ముందు వరసలో కూర్చున్న ఆ అబ్బాయి మళ్ళీ మా పక్కనే నిలబడ్డాడు. పుణేలో సౌండ్ ఇంజనీరింగ్ చదువుతున్నాడట. ఏ ఆల్బం గొప్పదని వాళ్ళిద్దరికీ వాదన మొదలైంది. ఆ అబ్బాయి 2008లో వచ్చినదే గొప్పదంటాడు, దాంట్లో సౌండ్ వేరే లెవెల్ అంటాడు. బాపు నిన్న రైల్లోనే దాన్ని విన్నాడు కదా, పూర్తి ఆయుధాలతో ఉన్నాడు. సౌండ్ బాగుంది కానీ పాటల మధ్య ఖాళీ లేదు, ఊపిరి తీసుకోనివ్వదు, రెండో ఆల్బంలో ఒక్కో పాట దేనికది నిలబడుతుంది అంటాడు. ఆ అబ్బాయి ఖాళీ లేకపోవడమే దాని గొప్పతనం అంటాడు. చుట్టూ ఉన్న పిల్లలు ఒక్కొక్కరే చేరి ఎవరి పక్షం వాళ్ళు తీసుకున్నారు, ఓల్డ్ హైకోర్టు స్టేషన్ వచ్చేసరికి పెట్టె సగం బాపు పక్షాన ఉంది. దిగే ముందు ఆ అబ్బాయి నంబరు ఇచ్చి, క్యాసెట్‌లోంచి తీసేసిన ఆ రెండు పాటలేవో చెప్పమని అడిగాడు. బాపు చెప్పాడు. వాడు నెత్తి కొట్టుకుని, వాటిలో ఒకటి తన ప్రాణం అన్నాడు.

ఇప్పటికీ వాళ్ళిద్దరూ వాట్సాప్‌లో పాటలు పంపుకుంటారు. మొన్న వాడేదో రికార్డింగ్ చేసి పంపితే, బేసు తగ్గించమని బాపు వాయిస్ మెసేజ్ పెట్టాడు, వాడు తగ్గించి మళ్ళీ పంపాడు.